మంటను బట్టి ముప్పును కొలవగలమా?

పండుగనాటి తెల్లవారుజామున ఒంటికి నలుగు పెట్టించుకొని, కుంకుడురసంతో తలంటి పోయించుకున్న బాల్యం మన పాఠకులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమ్మమ్మ ఎంత జాగ్రత్తగా పోసినా ఒక చుక్క కంటిలోకి జారక మానదు. వెంటనే ఏడుపు, పెడబొబ్బలు. “నోట్లో ఉప్పుకల్లు వేసుకో నాయనా, మంట దిగిపోతుంది” అని ఆవిడ ఓదార్చేది. ఆ ఉప్పుకల్లు నిజంగా మంటను తగ్గించేదో, లేక ధ్యాసను నాలుక మీదికి మళ్ళించేదో గాని, మధ్యాహ్నం పిండివంటల వేళకు కళ్ళు కాస్త ఎర్రగా ఉండడం తప్ప మరే బాధా మిగిలేది కాదు. కుంకుడులో నురుగునిచ్చే సపోనిన్లు అనే పదార్థాలు కంటిని తడిగా ఉంచే కన్నీటి పొరను చెదరగొట్టి, దాని కింది కణాలను రేపుతాయి. అయితే కంటి ఉపరితల కణాలు త్వరత్వరగా తిరిగి పుట్టుకు వచ్చే స్వభావం గలవి గనుక ఆ కాస్త దెబ్బా ఒకటి రెండు రోజులలో మానిపోతుంది.

ఇక రెండవ సంఘటన. కొన్ని సంవత్సరాల క్రితం మా పిన్నిగారింట గృహప్రవేశం జరిగింది. భోజనాలు ముగిసి పెద్దలు తాంబూలాలు వేసుకుంటున్నారు. ఆమె మనుమడు, నాలుగేళ్ళవాడు, తమలపాకుల పళ్ళెంలోని ప్లాస్టిక్ సున్నం పొట్లాన్ని తీసి రెండు చేతులతో గట్టిగా నొక్కాడు. పొట్లం పగిలి, సున్నం ఎడమ కంటిలోకి చిమ్మింది. పిల్లవాడు కెవ్వుమన్నాడు. ఒకరు తడిగుడ్డతో పైపైన తుడిచారు. మరొకరు చనుబాలు పిండమన్నారు. ఇంకొకరు ఆముదం చుక్కలు వేశారు. అరగంటకు ఏడుపు సన్నగిల్లింది. “ఏమీ లేదర్రా, కన్ను ఎర్రబడనైనా లేదు, తెల్లగానే ఉంది” అని పిన్ని ఊరట చెందింది. పిల్లవాడు అలసి నిద్రపోయాడు. మరునాటి ఉదయం నల్లగుడ్డు మీద పాలమీగడ వంటి మసక కమ్మి ఉండడం చూచి ఆసుపత్రికి పరుగెత్తారు. అక్కడి వైద్యురాలు చెప్పిన మొదటి మాటకే అందరూ నిర్ఘాంతపోయారు. కన్ను ఎర్రబడకుండా తెల్లగా ఉండడమే ఇటువంటి సందర్భంలో అన్నిటికంటె చెడ్డ లక్షణమట. ఎర్రబడాలంటే రక్తం రావాలి గదా! నల్లగుడ్డు అంచున ఉండే సన్నని రక్తనాళాలు కాలి మూసుకుపోయినందువల్ల ఆ కన్ను తెల్లబోయింది.

కుంకుడుకు మంట ఎక్కువ, హాని తక్కువ. సున్నానికి మంట త్వరగా తగ్గింది, హాని మిగిలిపోయింది. మరి ఒక పదార్థం చర్మానికీ కంటికీ ఎంత చేటు తెస్తుందో మంటను బట్టి తెలియనప్పుడు, దేనిని బట్టి తెలుసుకోవాలి? కర్మాగారాలలో పుట్టే రసాయనాలు రంగురంగుల సీసాలలో వంటగది గట్టు కిందికీ, స్నానాల గది మూలకూ చేరుతున్న ఈ కాలంలో గృహిణులు కూడా అడగవలసిన ప్రశ్న ఇది.

ఆమ్లం దారి వేరు, క్షారం దారి వేరు

కంటి ముందు భాగాన గడియారపు అద్దం వలె అమరి ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దాని మందం మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. చూపుకు దానంత ముఖ్యమైన పొర మరొకటి లేదు.

స్నానాల గది కడిగే యాసిడ్ వంటి ఆమ్లం దీనిపై పడినప్పుడు అక్కడి మాంసకృత్తులు, వేడికి కోడిగుడ్డు తెల్లసొన గడ్డకట్టినట్లు గడ్డకడతాయి. బాధ భయంకరంగా ఉంటుంది. కాని ఆ గడ్డకట్టిన పొరయే ఒక అడ్డుగోడగా నిలిచి, మిగిలిన ఆమ్లం లోపలికి చొరబడకుండా కొంతవరకు ఆపుతుంది. గాఢమైన ఆమ్లాలు ఈ గోడను కూడా ఛేదించగలవు గనుక ఆమ్లమంటే నిర్లక్ష్యం పనికిరాదు.

క్షారానికి ఈ అడ్డు లేదు. సబ్బు తయారీలో కాస్టిక్ సోడా నూనెను ఏం చేస్తుందో, కణాల పైపొరలలోని కొవ్వును కూడా క్షారం అదే చేస్తుంది; దానిని సబ్బుగా మార్చి కరిగించివేస్తుంది. దారి తెరచుకున్న కొద్దీ లోతుకు దిగుతుంది. కాస్టిక్ సోడా, అమ్మోనియా వంటివి కొద్ది నిమిషాలలోనే కార్నియాను దాటి కంటి లోపలి ద్రవాన్ని చేరగలవు. సున్నం వాటికంటె నెమ్మదిగానే చొరబడుతుంది గాని, దానికి మరొక దుర్గుణం ఉంది. దాని రేణువులు రెప్పల మడతలలో అతుక్కొని, గంటల తరబడి కొత్త క్షారాన్ని విడుదల చేస్తూనే ఉంటాయి. మా పిన్ని మనుమడి పైరెప్పను తిరగదీసినప్పుడు వైద్యురాలికి అక్కడ ఇంకా సున్నపు ముద్ద కనిపించింది. ఆముదం దానిని కడిగివేయలేదు సరిగదా, పైన కప్పి కాపాడింది.

ఆమ్ల క్షారాల తీవ్రతను పి.హెచ్. అనే కొలతతో సూచిస్తారు. 7 తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్కొక్క అంకెకు పదింతల తేడా ఉంటుందని మరువరాదు. మన కన్నీటి పి.హెచ్. సుమారు 7.4. ఆరోగ్యవంతమైన చర్మం పైపొర 5కు అటూ ఇటూగా, స్వల్పంగా ఆమ్లగుణం కలిగి ఉంటుంది. తాంబూలపు సున్నం 12 దాటుతుంది. అనగా కన్నీటికంటె క్షారత్వంలో దాదాపు లక్ష రెట్లు! రసాయనాల వర్గీకరణకు ప్రపంచమంతటా అనుసరించే నియమాలలో పి.హెచ్. 2 గాని అంతకు తక్కువ గాని, 11.5 గాని అంతకు ఎక్కువ గాని ఉన్న పదార్థాన్ని, వేరే ఆధారం లేనంతవరకు, చర్మాన్ని కాల్చివేసేదిగానే పరిగణిస్తారు. ఏ జంతువుపైనా, ఏ కణంపైనా పరీక్షించనక్కర లేకుండానే ఒక చిన్న కాగితపు ముక్క ఇంతటి తీర్పు చెప్పగలదు.

ఇంటిలో పి.హెచ్. కాగితం ఉండదు గాని పసుపు ఉంటుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. పసుపునీటిలో ముంచి ఆరబెట్టిన తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి చూడండి. ఎర్రబారితే అది క్షారం. అయితే ఈ పరీక్ష జాతిని చెప్పగలదే గాని బలాన్ని చెప్పలేదు. బట్టల సబ్బు నీటికీ కాగితం ఎర్రబడుతుంది, కాస్టిక్ సోడాకూ ఎర్రబడుతుంది.

సుశ్రుతుడు చెప్పినది

క్షారపు బలాబలాలను మన ప్రాచీనులు ఎరుగరనుకుంటే పొరపాటు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో క్షారపాకవిధి అని ఒక అధ్యాయమే ఉంది. క్షారాన్ని మృదువు, మధ్యమం, తీక్ష్ణం అని మూడు తరగతులుగా విభజించి, ఒక్కొక్కటి ఎలా వండాలో, ఏ వ్యాధికి ఏది తగునో అందులో వివరించారు. పూసిన తరువాత నూరు మాత్రల కాలం వేచి చూడమన్నారు. చికిత్స సక్రమంగా జరిగితే ఆ చోటు పండిన నేరేడుపండు రంగుకు తిరుగుతుందని లక్షణం కూడా చెప్పారు. అనగా ఎంత బలం, ఎంతసేపు, కణజాలంలో ఏం మార్పు అనే మూడు సంగతులను పరిశీలించారన్నమాట. నేటి ప్రయోగశాలలు చూచేవి కూడా ఈ మూడే. భగందర చికిత్సలో ఈనాటికీ వాడుకలో ఉన్న క్షారసూత్రం ఈ జ్ఞానపు కొనసాగింపే.

క్షారం పూసిన చోట ఆ తీక్ష్ణత చల్లారడానికి కాంజికం వంటి పుల్లని ద్రవ్యాలు వాడమని ఆ అధ్యాయంలోనే ఉంది. ఇది చదివి కొందరు, సున్నం పడిన కంటిలో నిమ్మరసమో పుల్లమజ్జిగో పోస్తే సరిపోతుందని వాదించడం నేను విన్నాను. వారు అదే అధ్యాయాన్ని చివరిదాకా చదివి ఉండరు. రెప్పల వ్యాధులలో తప్ప కంటిపై క్షారం ప్రయోగించనే కూడదని సుశ్రుతుడు నిషేధించాడు. పుల్లని ద్రవ్యాలతో శమింపజేసే విధి, వైద్యుడు కొలిచి చర్మంపై పూసిన క్షారానికి సంబంధించినది. ప్రమాదవశాత్తు కంటిలో పడిన, కొలత తెలియని క్షారానికి దానిని అన్వయించడం శాస్త్రం కాదు. ఆమ్లమూ క్షారమూ కలిసినప్పుడు వేడి పుడుతుంది. అప్పటికే దెబ్బతిన్న కంటికి ఆ వేడి మరొక దెబ్బ అవుతుంది.

కుందేటి కన్ను సాక్షిగా

ఆధునిక పరీక్షల చరిత్ర అమెరికాలో ఒక విషాదంతో ముడిపడి ఉంది. 1933 ప్రాంతంలో అక్కడ లాష్ లూర్ అనే పేరుతో కనురెప్పల వెంట్రుకలకు వేసే నల్లరంగు ఒకటి అమ్మకానికి వచ్చింది. అందులో పారాఫెనిలిన్ డయామిన్ అనే రసాయనం ఉండేది. దానిని వాడిన స్త్రీలలో కొందరికి కనురెప్పలు పుండ్లు పడ్డాయి. చూపు పోగొట్టుకున్నవారున్నారు. ప్రాణం పోగొట్టుకున్నవారూ ఉన్నారు. ఆనాటి చట్టానికి సౌందర్య సాధనాలపై ఎట్టి అధికారమూ లేకపోవడం వల్ల ప్రభుత్వం దానిని వెంటనే అరికట్టలేకపోయింది. 1938లో కొత్త చట్టం వచ్చిన తరువాతనే ఆ లోటు తీరింది. అదే రసాయనం ఈనాటికీ అనేక తలరంగులలో ఉంది. తలరంగు పెట్టెలపై ‘ముందుగా మోచేతి మడతలో పూసి 48 గంటలు చూడండి’ అని రాసేది ఇందుకే. ఆ పెట్టె తెరిచే వారిలో ఎందరు ఈ వాక్యాన్ని పాటిస్తున్నారో వారి అంతరాత్మకే తెలియాలి. కనుబొమలకు గాని, రెప్పలకు గాని తలరంగు ఎన్నడూ వేయరాదు.

చట్టం వచ్చాక, హాని కలిగిస్తుందో లేదో నిర్ణయించడానికి అందరూ ఒప్పుకొనే ఒక కొలబద్ద అవసరమైంది. 1944లో జాన్ డ్రేజ్ అనే ప్రభుత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఒక పద్ధతిని ప్రకటించాడు. తెల్లకుందేటి ఒక కంటిలో పదార్థాన్ని వేస్తారు. రెండవ కన్ను పోలిక కోసం అలాగే ఉంచుతారు. నిర్ణీత కాలాల్లో పరిశీలించి మార్కులు వేస్తారు. కార్నియా మసకబారడానికి గరిష్ఠంగా 80, కంటిపాప చుట్టూ ఉండే రంగువలయపు వాపుకు 10, తెల్లగుడ్డుపై పొర ఎర్రబడి ఉబ్బడానికి 20, మొత్తం 110. ఎర్రదనానికి ఎంత తక్కువ విలువ ఇచ్చారో, మసకకు ఎంత ఎక్కువ ఇచ్చారో గమనించండి. చర్మానికైతే వెంట్రుకలు తీసిన వీపుపై పట్టీ వేసి, ఎరుపునకు 4, వాపునకు 4 మార్కుల వరకు వేస్తారు.

తరువాతి కాలంలో ఈ పద్ధతికి ఇంకొక ముఖ్యమైన ప్రశ్న చేరింది. కలిగిన మార్పు తిరిగి మామూలవుతుందా, ఎన్నాళ్ళకు? కంటిని 21 రోజులు, చర్మాన్ని 14 రోజులు చూస్తారు. ఏడు రోజులలో తగ్గిపోయేది అల్ప ప్రకోపకం. 21 రోజులలో తగ్గేది ప్రకోపకం. అప్పటికీ తగ్గనిది కంటికి శాశ్వత హాని చేసేది. చర్మం విషయంలో 3 నిమిషాల స్పర్శకే పూర్తి మందం కాలిపోతే ఆ పదార్థం తీక్ష్ణాతితీక్ష్ణం. గంటలోపు అయితే ఒక మెట్టు తక్కువ. నాలుగు గంటలలోపు అయితే ఇంకొక మెట్టు తక్కువ. ఇక్కడ కూడా సుశ్రుతుని మూడు తరగతులే గుర్తుకు వస్తాయి.

ఈ పద్ధతిలోని క్రౌర్యం సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. శాస్త్రపరంగా కూడా దానికి లోపాలున్నాయి. కుందేలు మనవలె తరచుగా రెప్పలార్పదు, కన్నీరు తక్కువ కారుస్తుంది, దానికి మూడవ రెప్ప ఒకటి ఉంటుంది. పైగా మార్కులు వేసేది మనిషి కన్ను. 1971లో వెలువడిన ఒక పరిశీలనలో ఇరవైకి పైగా ప్రయోగశాలలకు ఒకే రకపు పదార్థాలను పంపి చూడగా, ఒకచోట నిరపాయమని తేలినది మరొకచోట తీవ్రమని తేలింది. 1980లో న్యూయార్కులో హెన్రీ స్పైరా అనే ఉపాధ్యాయుడు పత్రికా ప్రకటనలతో ఉద్యమం సాగించగా, సౌందర్య సాధనాల సంస్థలే ప్రత్యామ్నాయాల పరిశోధనకు డబ్బు ఇవ్వవలసి వచ్చింది. మన దేశం 2014లో సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్నీ, ఆ విధంగా పరీక్షించిన వాటి దిగుమతినీ నిషేధించింది.

కుందేలు లేకుండా

ఇప్పుడు పరీక్ష మెట్లుమెట్లుగా సాగుతుంది. మొదట ఆ రసాయనాన్ని తాకిన కార్మికుల అనుభవాన్ని, పాత రికార్డులను చూస్తారు. తరువాత పి.హెచ్. చూస్తారు. నిర్మాణంలో దానిని పోలిన ఇతర రసాయనాల గుణాలను కంప్యూటరు సాయంతో పోలుస్తారు. అప్పటికీ తేలకపోతే ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మం ముందుకు వస్తుంది. దాతల అనుమతితో సేకరించిన చర్మకణాలను పళ్ళెంలో పొరలుపొరలుగా పెంచి, పైన గట్టి పొర కూడా ఏర్పడేటట్లు చేస్తారు. చూడడానికి చొక్కా గుండీ అంత ఉంటుంది. దానిపై పదార్థాన్ని కొద్దిసేపు ఉంచి, కడిగి, సుమారు రెండు రోజులు ఆగి, పసుపుపచ్చని రంగుద్రవం వేస్తారు. బ్రతికున్న కణాలు దానిని ముదురు నీలిరంగుగా మారుస్తాయి. చచ్చిన కణాలు మార్చలేవు. నీలం సగానికి గాని, సగానికి తక్కువగా గాని పడిపోతే అది చర్మాన్ని రేపే పదార్థమని తీర్పు. 2010లో ఈ విధానానికి అంతర్జాతీయ ఆమోదం లభించింది. కంటి కోసం కూడా 2015లో ఇటువంటి కృత్రిమ కార్నియా పొర పరీక్ష ఆమోదం పొందింది.

తీవ్రమైన వాటిని గుర్తించడానికి కబేళాలలో మాంసానికై వధించిన పశువుల కార్నియాలను వాడే పద్ధతి 2009 నుండి ఉంది. వాటి గుండా వెలుగు ఎంత తగ్గిందో, ఒక రంగుద్రవం ఎంత కారిపోయిందో యంత్రం కొలుస్తుంది. మసక, చిల్లు అనే రెండు అంకెలు కలిపి తీర్పు చెబుతాయి. ఇక్కడ మంటకు స్థానమే లేదు. పళ్ళెంలోని కార్నియాకు ఏడవడం రాదు గదా!

సీసాపై గుర్తులు

ఈ పరీక్షల ఫలితం మన చేతికి చేరేది ఒక చిన్న బొమ్మ రూపంలో. ఐక్యరాజ్య సమితి 2003లో వెలువరించిన విధానంలో ఎర్ర అంచు గల చతురస్రం మూలపై నిలబెట్టినట్లు ఉంటుంది. అందులో పరీక్షనాళిక నుండి చుక్కలు జారి చేతినీ, లోహపు కడ్డీనీ తింటున్నట్లు ఉంటే ఆ పదార్థం చర్మాన్ని కాల్చివేస్తుందని, లేదా కంటికి మానని గాయం చేస్తుందని అర్థం. ఆశ్చర్యార్థకపు గుర్తు మాత్రమే ఉంటే రేపుతుంది గాని సాధారణంగా మానుతుందని అర్థం. కర్మాగారాల పీపాలపై ఇవి కనిపిస్తాయి. మన వీధిలో సైకిలుపై ప్లాస్టిక్ డబ్బాలలో తెచ్చి అమ్మే యాసిడ్‌కు, విడిగా కొలిచి పోసే ఫినాయిల్‌కు ఏ బొమ్మా ఉండదు. యాసిడ్ అమ్మకాలపై 2013లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించింది. కొనేవారి వివరాలు నమోదు చేయాలి, 18 ఏళ్ళు నిండనివారికి అమ్మరాదు. అయినా పాత శీతలపానీయపు సీసాలో యాసిడ్ పోయించుకొని, దానిని నీళ్ళబిందె పక్కనే పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ ఒకేసారి వాడితే క్లోరిన్ వాయువు పుట్టి కళ్ళనూ, ఊపిరితిత్తులనూ దహిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఆమ్లమూ క్షారమూ కాని పదార్థాలున్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం చేరువలోని ఆర్.ఆర్. వెంకటాపురంపై ఒక కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి కమ్మినప్పుడు జనం కళ్ళమంటతో, ఊపిరాడక రోడ్లపై పడిపోయారు. ప్రాణనష్టం జరిగింది. స్టైరీన్‌ను పి.హెచ్. కాగితం పట్టుకోలేదు. అందుకే పై మెట్లన్నీ అవసరమయ్యాయి.

జిల్లేడు, నల్లజీడి

మన పత్రిక పాఠకులకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. చెట్టునుండి వచ్చినది గనుక కంటికి హాని చేయదనే నమ్మకం ప్రమాదకరం. రథసప్తమినాడు జిల్లేడాకులు తలపై, భుజాలపై పెట్టుకొని స్నానం చేసే ఆచారం మనది. ఆకు తుంచినప్పుడు కారే పాలు చేతికి అంటి, ఆ చేతితో కన్ను నలిపితే ఒక విచిత్రం జరుగుతుంది. నొప్పి పెద్దగా ఉండదు. ఆ పాలు కార్నియాను మొద్దుబారుస్తాయి. కొన్ని గంటలకు చూపు పొగమంచు కమ్మినట్లవుతుంది. కార్నియా లోపలి వరుస కణాలు, అంటే మనిషికి తిరిగి పుట్టని కణాలు, దెబ్బతిని నీరు పట్టడమే ఇందుకు కారణం. వెంటనే చికిత్స చేయిస్తే చాలామందికి చూపు తేరుకుంటుంది. మంట లేకపోవడం వల్లనే ఎందరో ఆలస్యం చేస్తారు. ఆకులను ముందురోజే కోసి, పాలు ఆరనిచ్చి, కడిగి వాడితే ఆచారానికి లోటు రాదు.

నల్లజీడి, జీడిమామిడి గింజల పైపెచ్చులో ఉండే నూనె చర్మాన్ని పొక్కిస్తుంది. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపప్పు తీసే స్త్రీల చేతులు చూచినవారికి ఇది వివరించనక్కర లేదు. చాకలివారు బట్టలపై గుర్తు వేయడానికి నల్లజీడి రసం వాడే రోజులలో, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మన దేశానికి వచ్చిన అమెరికన్ సైనికులకు సరిగ్గా ఆ గుర్తు తగిలిన చోటనే దద్దుర్లు లేచేవి. ఇక్కడ ఒక భేదం తెలుసుకోవాలి. ఆమ్లక్షారాలు మోతాదు మించితే ఎవరి చర్మాన్నైనా కాలుస్తాయి. ఎలర్జీ అలా కాదు. ఒకసారి శరీరం పగబట్టిన తరువాత అణుమాత్రం తగిలినా ఆ వ్యక్తికి మాత్రం దద్దుర్లు వస్తాయి, పక్కవారికి రావు. భల్లాతకాన్ని ఇటుకపొడితో శుద్ధి చేయనిదే వాడరాదని మన వైద్యగ్రంథాలు శాసించినది ఊరకే కాదు.

మొదటి అరగంట

ఏది పడినా, దాని పేరు తెలిసినా తెలియకపోయినా, మొదట చేయవలసినది ఒక్కటే: నీళ్ళు. శుద్ధజలం కోసం వెదకవద్దు. కుళాయి నీరు, బిందెలో నీరు, బోరింగు నీరు, ఏది దగ్గరుంటే అది. దెబ్బ తగిలిన కన్ను కిందివైపునకు ఉండేటట్లు తలను పక్కకు వంచి, ముక్కు వైపు నుండి చెవి వైపునకు నీరు సన్నని ధారగా పోయాలి. బాధతో రెప్పలు బిగుసుకుంటాయి గనుక రెండు వేళ్ళతో విడదీసి పట్టుకోవాలి. పిల్లవాడైతే దుప్పటిలో చుట్టి, ఒకరు పట్టుకోగా మరొకరు పోయవలసి వస్తుంది. కన్ను అటూ ఇటూ, పైకీ కిందికీ తిప్పమనాలి. కాంటాక్ట్ లెన్సు ఉంటే తీసివేయాలి. గడియారం చూచుకొని అరగంట తగ్గకుండా కడగాలి. అరగంట అంటే చాలా పొడవైన సమయం. చుట్టూ ఉన్నవారు “ఇక చాలులే” అంటారు. వినవద్దు.

సున్నం, సిమెంటు వంటివైతే రెప్పల మడతల్లో ముద్దలు ఉంటాయి. తడిపిన శుభ్రమైన గుడ్డ కొసతో వాటిని తీసివేస్తూ కడగాలి. చర్మంపై పొడి సున్నం పడితే ముందు పొడిగుడ్డతో దులిపి, తరువాత ధారాళంగా నీరు పోయాలి. ముఖ్యంగా రాతిసున్నం తడి తగిలితే ఉడుకుతుంది గనుక కొద్దినీళ్ళు చల్లి ఊరుకోరాదు. తడిసిన బట్టలు, గాజులు, ఉంగరాలు వెంటనే తీసివేయాలి.

చనుబాలు, ఆముదం, నెయ్యి, తేనె, పన్నీరు, నిమ్మరసం, ఏవీ కంటిలో వేయవద్దు. గృహవైద్యంలో వీటికి వేర్వేరు చోట్ల విలువ ఉంది, ఇక్కడ లేదు. కన్ను నలపవద్దు, కట్టు కట్టవద్దు. కడిగిన తరువాత మంట పూర్తిగా పోయినా సరే కంటి వైద్యుని వద్దకు వెళ్ళాలి. అక్కడ రెప్పలోపల పి.హెచ్. కాగితం పెట్టి 7 ప్రాంతానికి వచ్చేవరకు మళ్ళీ కడుగుతారు. సీసానో పొట్లాన్నో వెంట తీసుకొని వెళితే ఏం పడిందో వారికి క్షణంలో తెలుస్తుంది.

కార్నియా అంచున వలయాకారంగా ఉండే మూలకణాలు ఎంత మిగిలాయన్న దానిపై చూపు ఆధారపడి ఉంటుంది. అవి కార్నియా పైపొరకు విత్తనాల వంటివి. ఒక కంటిలో అవి నశించి, రెండవ కన్ను ఆరోగ్యంగా ఉంటే, దాని అంచునుండి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్నచిన్న తునకలుగా చేసి దెబ్బతిన్న కంటిపై నాటే శస్త్రచికిత్సను హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు రూపొందించి 2012లో ప్రకటించారు. సరళమైనదీ, ఖర్చు తక్కువైనదీ అయినందున ఇతర దేశాలలోనూ అనుసరిస్తున్నారు.

మా పిన్ని మనుమడికి కూడా ఇటువంటి శస్త్రచికిత్సే జరిగింది. ఇప్పుడు ఆ కంటితో పలకపై రాసిన పెద్ద అక్షరాలు చదవగలుగుతున్నాడు. పుస్తకంలోని అక్షరాలకు కుడికన్నే ఆధారం. పిన్ని ప్లాస్టిక్ సున్నం పొట్లాలను ఇంట అడుగు పెట్టనివ్వదు. అత్తగారినాటి ఇత్తడి సున్నపుకాయను అటక మీద నుండి దింపించి, చింతపండుతో తోమించి వాడుతోంది. తాంబూలం అయిన వెంటనే దానిని దేవుడిగదిలో పై గూటికి ఎత్తి పెడుతుంది. ఆ గూడు ఆమెకు కూడా ముక్కాలిపీట వేసుకుంటే తప్ప అందదు.